హైదరాబాద్ బాల్కనీలో థైమ్: కుండీ మట్టి నుంచి వంటింటి దాకా

మీ ప్రశ్న సారాంశం ఇదీ: హైదరాబాద్‌లో ఫ్లాట్, పడమటి బాల్కనీ, నర్సరీలో కొన్న థైమ్ (పాశ్చాత్య వంటల్లో వాడే సువాసన ఆకు) మొక్క, 8 అంగుళాల ప్లాస్టిక్ కుండీ, రోజూ పొద్దున ఒక మగ్గు నీళ్లు. ఫిబ్రవరిలో బాగానే ఉంది, జులైలో వారం తిరక్కుండా గోధుమరంగుకు మారి ఎండిపోయింది. ఎండకు పోయిందా, మన వాతావరణంలో ఇది అసలు బతుకుతుందా, బతికితే పిజ్జా మీద చల్లుకోవడం తప్ప ఇంకేం చేసుకోవచ్చు అని అడిగారు.

ఎండకు పోలేదు. రోహిణి కార్తె ఎండలు దాటుకుని వచ్చిన మొక్క జులైలో పోయిందంటే అది వేరుకుళ్లే. పైకి ఎండినట్టు కనిపిస్తుంది కాబట్టి చాలామంది ఇంకో మగ్గు నీళ్లు పోస్తారు, దాంతో పని పూర్తవుతుంది.

థైమ్ పుట్టిల్లు స్పెయిన్, దక్షిణ ఫ్రాన్స్, ఇటలీ వైపు సున్నపురాయి గుట్టలు. అక్కడ వాన చలికాలంలో పడుతుంది, వేసవి పొడిగా పోతుంది. మనకు అది తలకిందులు: వేడి తగ్గకముందే వాన మొదలవుతుంది. వెచ్చటి రాత్రులు, గాలిలో తేమ, వేళ్ల చుట్టూ నిలిచిన నీరు, ఈ మూడూ ఒకేసారి కలిసినప్పుడు పిథియం, రైజోక్టోనియా లాంటి శిలీంధ్రాలు, వాటిని పోలిన సూక్ష్మజీవులు వేళ్లను తినేస్తాయి. మూడింటిలో మొదటి రెండూ మన చేతిలో లేవు. మూడోది పూర్తిగా మన చేతిలోనే ఉంది. థైమ్ పెంపకంలో మిగతావన్నీ దీని తర్వాతే.

ఈ లెక్కన అనంతపురం, కర్నూలు డాబాల మీద థైమ్ సులువుగా వస్తుంది. హైదరాబాద్‌లో కాస్త శ్రద్ధ పెడితే వస్తుంది. బెంగళూరులో, అరకులో పెద్ద ఇబ్బంది ఉండదు. విజయవాడ, కాకినాడ, విశాఖ లాంటి కోస్తా ఊళ్లలో మాత్రం దీన్ని అక్టోబరు నుంచి మే దాకా ఉండే పంటగా చూసుకుని, ఏటా కొత్త మొక్క పెట్టుకోవడమే మేలు. కోస్తా వాళ్లు వానాకాలంలో దాన్ని కాపాడాలని పడే పాట్లకు తగిన ఫలితం ఉండదు.

ముందు మీ దగ్గర ఉన్నది థైమేనా అన్నది చూసుకోండి. మన నర్సరీల్లో వాము ఆకు మొక్కను, అంటే దళసరి ఆకులతో, నూగుతో, విరిస్తే నీరు కారే కర్పూరవల్లిని, థైమ్ అనో ఒరెగానో అనో అమ్మడం మామూలే. అసలు థైమ్ ఆకు బియ్యపుగింజంత ఉంటుంది, ఎక్కువలో ఎక్కువ సెంటీమీటరు. అంచులు లోపలికి ముడుచుకుని ఉంటాయి, కింది వైపు బూడిద రంగు. కాండం సన్నగా, పాతబడేకొద్దీ చీపురుపుల్లలా గట్టిపడుతుంది. వాసన రెండిటికీ దగ్గరగా ఉండడానికి కారణం ఉంది: థైమ్‌లోనూ మన వాములోనూ ప్రధాన సుగంధం థైమాల్ అనే ఒకే పదార్థం. కర్పూరవల్లిలో దాని దాయాది కార్వక్రాల్ ఎక్కువ. కర్పూరవల్లి వానకు అంత తేలిగ్గా చావదు, ఏ మూల పడేసినా పెరుగుతుంది. కాబట్టి మీ మొక్క జులైలో చచ్చిపోయిందంటే అది చాలావరకు అసలు థైమే.

రకాల్లో మామూలు థైమ్, అంటే థైమస్ వల్గారిస్, కొనండి. ఇంగ్లిష్ థైమ్, ఫ్రెంచ్ థైమ్ అని అమ్మేవి రెండూ ఇదే జాతి. ఫ్రెంచ్ రకం ఆకు ఇంకా సన్నం, వేడికి కాస్త మెరుగ్గా తట్టుకుంటుంది. లెమన్ థైమ్ వాసన బాగుంటుంది కానీ తేమకు త్వరగా కుళ్లుతుంది. అది విత్తనంతో నికరంగా రాదు కూడా, కొమ్మ నాటి పెంచాల్సిందే. ఇక ఆన్‌లైన్‌లో నేలంతా ఎర్ర తివాచీ, నీలం తివాచీ పరిచినట్టు ఫొటోలు పెట్టి అమ్మే పాకే థైమ్ విత్తనాల జోలికి పోకండి. నీలం పూల థైమ్ అనేది లేదు. థైమ్ పూలు తెలుపు నుంచి గులాబీ, ఊదా దాకా ఉంటాయి, అంతే.

కుండీ, మట్టి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే తొంభై పాళ్లు పని ఇక్కడే అయిపోతుంది.

రంగు వేయని మట్టి కుండీ తీసుకోండి, 8 అంగుళాలది చాలు. మట్టి కుండీ గోడల్లోంచి కూడా తేమ పోతుంది. ప్లాస్టిక్ కుండీలో పోదు. అడుగు రంధ్రం చిటికెనవేలు పట్టేంత ఉండాలి, చిన్నదైతే మేకుతో జాగ్రత్తగా పెద్దది చేయండి. రంధ్రం మీద ఒక పెంకు ముక్క, లేదా దోమతెర ముక్క వేస్తే మట్టి జారదు. అడుగున కంకర పొర వేయమని చాలామంది చెబుతారు, వేయకండి. నీళ్లు సన్నని మట్టిలోంచి ముతక కంకరలోకి తేలిగ్గా దిగవు. మట్టి పూర్తిగా నానేదాకా పొర పైనే నిలుస్తాయి. అంటే తడి మేట వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. ఆ కంకరను మట్టిలో కలిపేస్తే మాత్రం ఉపయోగం.

మట్టి కొలత డబ్బాల్లో చెబుతాను. ఎర్రమట్టి 4 డబ్బాలు, దొడ్డు ఇసుక 4, చిన్న కంకర గానీ పెర్లైట్ (నర్సరీల్లో అమ్మే తేలికైన తెల్లటి రాతి గుళికలు) గానీ చితక్కొట్టిన ఇటుక ముక్కలు గానీ 1, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మికంపోస్ట్ 1. ఇసుక ముతకది కావాలి. ప్లాస్టరింగుకు వాడే సన్న ఇసుక మట్టిలో కలిసి గట్టిపడుతుంది. నది ఇసుక దొరక్క రాతిపొడి ఇసుక తెస్తే రెండు మూడుసార్లు కడిగి, బూడిదలాంటి సన్నపొడి పోయాక వాడండి. లేకపోతే కుండీలో సిమెంటులా పట్టేస్తుంది. నల్లరేగడి అసలు వద్దు. సున్నం, గుడ్డుపెంకుల పొడి కలపాలా అని అడుగుతుంటారు. బోరు నీళ్లు పోసేవాళ్లకు అక్కర్లేదు, ఆ నీళ్లలోనే కావలసినంత సున్నం ఉంటుంది, థైమ్‌కు అది పడుతుంది కూడా.

మట్టి నింపాక, మొక్క నాటకముందే ఒక లీటరు నీళ్లు పోసి చూడండి. పైన మడుగు కట్టకుండా, అర నిమిషంలోపు అడుగునుంచి కారడం మొదలవ్వాలి. కారకపోతే ఇంకో డబ్బా ఇసుక కలపండి. ఈ పరీక్షకు ఐదు నిమిషాలు పడుతుంది, ఏడాది మొక్కను నిలబెడుతుంది.

నర్సరీ మొక్క నాటేటప్పుడు చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. ఆ మొక్క వేళ్లు ఉండేది తరచూ కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) ముద్దలో. ఆ ముద్దను అలాగే మన మంచి మట్టిలో దించితే చుట్టూ ఎండినా మధ్యలో స్పాంజిలా తడి పట్టుకుని ఉంటుంది. కాబట్టి నాటే ముందు ముద్దను బకెట్ నీళ్లలో పావుగంట నానబెట్టి, వేళ్లు తెగకుండా సగానికి పైగా కోకోపీట్‌ను రాల్చేయండి. మొక్కను ముందున్న లోతుకంటే కిందికి పాతకండి. మొదలు చుట్టూ ఒక సెంటీమీటరు మందాన చిన్న గులకరాళ్లు పరచండి. ఎండుటాకులు, కొబ్బరిపీచు పరిస్తే కింది కొమ్మలు తడికి కుళ్లుతాయి. కుండీ కింద ప్లేటు పెట్టొద్దు. మూడు పెంకు ముక్కలమీద ఎత్తి పెడితే రంధ్రం కింద గాలి ఆడుతుంది. మొక్కల మధ్య కనీసం జానెడు ఎడం.

ఎండ రోజుకు ఆరు గంటలు పడాలి. మీది పడమటి బాల్కనీ అన్నారు, చలికాలానికి బాగానే సరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా పడమటి ఎండతోపాటు గోడ వేడి కూడా తగులుతుంది. కుండీని గోడకు అడుగు దూరం జరపండి, 35 శాతం షేడ్ నెట్ ఒకటి కట్టండి. దక్షిణ బాల్కనీ వాళ్లకు ఒక చిన్న హెచ్చరిక: మే రెండో వారానికి హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, పై అంతస్తు స్లాబు నీడ మీ బాల్కనీ అంతా కప్పేస్తుంది. జనవరిలో ఎండ దంచిన బాల్కనీలోనే మేలో మొక్క పొడుగ్గా, నీరసంగా సాగుతుంది. అప్పుడు పిట్టగోడ అంచుకు జరపాల్సిందే.

నీళ్ల సంగతి. రోజూ పొద్దున్నే అన్ని కుండీలకూ ఒకేలా పోసుకుంటూ పోవడం కరివేపాకుకు, తులసికి చెల్లుతుంది, దీనికి చెల్లదు. నీళ్లు పోసిన అరగంటకు కుండీని ఒకసారి ఎత్తి బరువు చూడండి. మట్టి బాగా ఆరాక మళ్లీ ఎత్తి చూడండి. ఆ తేడా చేతికి అలవాటయితే ఇంక వేలు గుచ్చి చూడక్కర్లేదు. తేలికైనప్పుడే పోయండి, పోసినప్పుడు అడుగునుంచి కారేలా పోయండి. రోజూ గుక్కెడు గుక్కెడు పోయడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. మట్టి కుండీలో డిసెంబరు, జనవరిల్లో నాలుగైదు రోజులకోసారి సరిపోతుంది, మేలో రోజు విడిచి రోజు, మరీ మండుతుంటే రోజూ. వానాకాలంలో రోజులు లెక్కపెట్టొద్దు, బరువే చూడాలి. నీళ్లు మట్టికి పోయాలి, ఆకుల మీద కాదు.

మృగశిర కార్తె రాగానే, అంటే జూన్ మొదటి వారం దాటాక, కుండీని వాన జల్లు తగలని, గాలి ఆడే, వెలుతురున్న చోటికి మార్చండి. జూన్ మొదటి వారంలోనే పచ్చటి కొమ్మల్లో మూడో వంతు కత్తిరించి పొద మధ్య ఖాళీ చేయండి. పొద గుబురుగా ఉంటే లోపల తేమ నిలిచి, మధ్యలో ఆకులు నల్లబడి, సాలెగూడులాంటి సన్నని దారాలు అల్లుకుంటాయి. అది కూడా శిలీంధ్రమే. కనబడ్డ కొమ్మను పచ్చగా ఉన్నచోటి దాకా కోసి పారేయండి. ఈ నాలుగు నెలలూ ఎరువు ఏదీ వద్దు. మామూలు రోజుల్లో కూడా నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తగా, వాసన లేకుండా పెరుగుతుంది. ఏడాదికి ఒకసారి, దసరా తర్వాత, గుప్పెడు వర్మికంపోస్ట్ పైన వేస్తే చాలు.

మొక్క వాడినప్పుడు తడి ఎక్కువైందా తక్కువైందా తెలుసుకోవడం ఇలా. కాండం మీద గోటితో కొంచెం గీరండి. లోపల పచ్చగా ఉండి ఆకులు కొసల నుంచి పెళుసుగా ఎండుతుంటే నీళ్లు చాలలేదు, కుండీని బకెట్ నీళ్లలో పది నిమిషాలు ఉంచి తీయండి. ఆకులు కింది నుంచి పసుపెక్కి, మొదలు నల్లబడి ఉంటే తడి ఎక్కువైంది. అనుమానం తీరకపోతే మొక్కను పైకి లాగి ఒక వేరును రెండు వేళ్ల మధ్య పట్టుకుని సన్నగా లాగండి. మంచి వేరు లేత గోధుమరంగులో గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరు పై తోలు జారిపోయి చేతిలో సన్నటి దారం మిగులుతుంది, బురద వాసన వస్తుంది. అక్కడిదాకా వచ్చాక మందులు పోసి లాభం లేదు. ట్రైకోడెర్మా (వేరుకుళ్లును అడ్డుకునే మేలుచేసే శిలీంధ్రం) కూడా ముందుగా మట్టిలో కలిపితే కాపాడుతుంది గానీ కుళ్లిన వేళ్లను తిరిగి తేదు. పైన ఇంకా పచ్చగా ఉన్న కొసలు నాలుగు కోసి, కొత్తగా నాటుకోవడమే దారి.

ఆ నాటడం తేలికే. పూత లేని లేత కొస 8 సెంటీమీటర్లు కోసి, కింది సగం ఆకులు తీసేసి, కడిగిన ఇసుకలో గానీ సగం ఇసుక సగం కోకోపీట్‌లో గానీ గుచ్చండి. నీడలో, కొద్ది తడిగా ఉంచండి. ప్లాస్టిక్ కవరు కప్పితే మన దగ్గర వేరు పట్టేలోపు బూజు పడుతుంది. మూడు నాలుగు వారాల్లో వేళ్లు వస్తాయి. జనవరి చివర, ఫిబ్రవరి దీనికి మంచి సమయం. ప్రతి ఫిబ్రవరిలో ఐదారు కొమ్మలు ఇలా పెట్టుకుంటే, వానాకాలంలో తల్లిమొక్క పోయినా పిల్లలుంటాయి. చిన్న కుండీల్లో మట్టి త్వరగా ఆరుతుంది కాబట్టి అవి వానలకు బాగా తట్టుకుంటాయి కూడా. తల్లిమొక్క ఎలాగూ మూడు నాలుగేళ్లకు కట్టెలా మారి ఆకు తగ్గిపోతుంది.

విత్తనం నుంచే పెంచాలనుకుంటే దీపావళి అటూ ఇటూగా చల్లండి. 15 నుంచి 20 డిగ్రీల చల్లదనంలో మొలక బాగా వస్తుంది. విత్తనం ఆవగింజ కన్నా బాగా చిన్నది, పైన మట్టి కప్పొద్దు, అద్దితే చాలు. స్ప్రేతో తడపాలి. రెండు వారాల్లో మొలుస్తుంది, కానీ మొదటి రెండు నెలలూ పెరుగుతున్నట్టే అనిపించదు. తొందరున్నవాళ్లు మొక్క కొనుక్కోవడమే మేలు.

పురుగుల బెడద తక్కువ. మార్చి నుంచి మే దాకా ఎర్రనల్లి వస్తుంది: ఆకుమీద సన్నటి తెల్లచుక్కలు, కొసల్లో సాలెగూడులాంటి సన్నని అల్లిక. పొద్దున్నే ఆకుల అడుగువైపు తగిలేలా నీళ్లు గట్టిగా కొట్టండి (ఆకుల మీద నీళ్లు పోయొద్దన్న మాటకు ఇదొక్కటే మినహాయింపు). తగ్గకపోతే లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు మిల్లీలీటర్ల సబ్బుద్రవం కలిపి సాయంత్రం చల్లండి. ఆ తర్వాత పది రోజులు ఆకు కోయకండి. పిండినల్లి కనిపిస్తే దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచేయండి.

అమెరికాలో ఉన్నవాళ్ల కోసం ఒక్కమాట. అక్కడ మంచుకు భయపడక్కర్లేదు, మామూలు థైమ్ 5 నుంచి 9 జోన్ల దాకా (జోన్ అంటే చలి తీవ్రతను బట్టి అక్కడి వ్యవసాయ శాఖ చేసిన విభజన) పెరట్లోనే నేలలో ఉంటుంది. డాలస్ చుట్టుపక్కల నల్ల బంకమట్టి మాత్రం మన రేగడి లాంటిదే. అడుగు ఎత్తు మడి కట్టి, ఇసుక కంకర కలిపి పెట్టకపోతే వానలకు పోతుంది.

ఇక కోత. నాటిన మూడు నెలలకు మొదలుపెట్టొచ్చు. పూమొగ్గలు కనబడే సమయానికి ఆకులో నూనె ఎక్కువగా ఉంటుంది, మంచు ఆరాక పొద్దున కోయండి. ఒకసారి మూడో వంతుకు మించి కోయొద్దు. ముఖ్యంగా ఆకుల్లేని గోధుమరంగు కట్టెలోకి కత్తెర దించొద్దు, అక్కడి నుంచి మళ్లీ చిగురు రావడం కష్టం. పచ్చగా ఉన్నదాంట్లో నాలుగైదు జతల ఆకులు వదిలి పైన కోయాలి. తడి కాగితంలో చుట్టి డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో పది రోజులు ఉంటుంది. కొత్తిమీరలా కాకుండా థైమ్ ఎండినా వాసన నిలుపుకుంటుంది: చిన్న కట్టలు కట్టి నీడలో తలకిందులుగా వేలాడదీస్తే వారంలో ఆకు గలగలమంటుంది. ఆకును పొడి చేయకుండా సీసాలో పెట్టుకుని, వాడేముందు అరచేతిలో నలపండి. ఏడాది దాకా బాగుంటుంది. పచ్చి ఆకు మూడు చెంచాలు వేసేచోట ఎండుది ఒక చెంచా.

పుల్ల నుంచి ఆకు తీయడానికి కొసను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి వేళ్లను కొస నుంచి మొదలు వైపు జరపండి. ఆకులన్నీ ఒక్కసారి రాలిపోతాయి.

వంటలో మొదటి సూత్రం: ఇది నెమ్మదిగా వాసన వదులుతుంది. కాబట్టి పులుసు, సూపు లాంటి నీళ్లున్న వంటల్లో మొదట్లోనే పుల్లలతో సహా వేసి, దించేటప్పుడు పుల్ల తీసేయాలి. వేపుళ్లలో మాత్రం చివర వేయాలి. కాగిన నూనెలో మొదటే పడితే ఆకు మాడి చేదెక్కుతుంది. ఫ్రెంచివాళ్లు థైమ్, బిరియానీ ఆకు వర్గానికి చెందిన తమ బే ఆకు, పార్స్‌లీ కలిపి దారంతో కట్టి కుండలో వేస్తారు. జమైకాలో జెర్క్ చికెన్ మసాలాలో ఘాటైన స్కాచ్ బానెట్ మిరపకాయలు, ఆల్‌స్పైస్‌ (లవంగం, దాల్చినచెక్క కలిసినట్టు వాసన వచ్చే ఎండు కాయ)తోపాటు ఇది తప్పనిసరి. కారానికి ఇది బాగా జోడు కుదురుతుందని ఆ వంటే చెబుతోంది.

మనింట్లో మొదటిసారి చేసి చూడదగ్గది బంగాళాదుంప. అరకిలో దుంపలు ముప్పావు ఉడికించి, ముక్కలు కోసి, రెండు పెద్ద చెంచాల నూనెలో మధ్యమంట మీద ఎర్రగా వేయించండి. దించడానికి నాలుగైదు నిమిషాల ముందు పొట్టుతో చితక్కొట్టిన వెల్లుల్లి ఐదు రెబ్బలు, ఒక చెంచా పచ్చి థైమ్ ఆకు, ఉప్పు, అరచెంచా మిరియాలపొడి. ఆవాలు, కరివేపాకు, ఇంగువ వేయకండి, అవి దీన్ని మింగేస్తాయి. ఇదే పద్ధతిలో పుట్టగొడుగులు కూడా బాగుంటాయి. అరకిలో మటన్ ఎముకల సూపుకు మూడు పుల్లలు, ఒక కప్పు మసూర్ పప్పు టమాటా సూపుకు రెండు పుల్లలు సరిపోతాయి. చింతపండు పులుసుల్లో వేసి ఎవరూ బాగుపడలేదు. వాము ఉన్న వంటలో కూడా వేయకండి, రెండిట్లోనూ థైమాలే కాబట్టి మందుల షాపు వాసన వస్తుంది. ఎండు థైమ్ లేనప్పుడు దాని బదులు వాము వేయొచ్చు, అయితే చెంచా థైమ్‌కు చిటికెడు వాము చాలు.

దగ్గు, జలుబు ఉన్న పెద్దవాళ్లకు కషాయంగా అయితే ఒకటి రెండు గ్రాముల ఎండు ఆకు, 150 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లు, మూతపెట్టి పది నిమిషాలు. మూత లేకపోతే పనికొచ్చే నూనె ఆవిరైపోతుంది. పిల్లలకు, గర్భిణులకు వంటలో పడేంతవరకు ఇబ్బంది లేదు, కషాయం మాత్రం డాక్టరును అడిగాకే. సీసాల్లో అమ్మే థైమ్ నూనెను ఎవరూ నోట్లో వేసుకోకూడదు.

వీడియోల్లో చూసి చాలామంది పచ్చి థైమ్, వెల్లుల్లి రెబ్బలు ఆలివ్ నూనెలో ముంచి కిచెన్ గట్టు మీద సీసా అలంకరిస్తున్నారు. ఆవకాయ ఏడాది ఉంటోంది కదా, ఇది ఎందుకు ఉండదని అనుకోకండి. ఆవకాయలో ఉప్పు, పులుపు కాపలా కాస్తాయి. ఇందులో రెండూ లేవు, పైగా నూనె గాలి తగలకుండా చేస్తుంది. ఆకుకు, వెల్లుల్లికి అంటిన మట్టిలో ఉండే బొట్యులిజం సూక్ష్మజీవికి సరిగ్గా అదే కావాలి. వాసన, రంగు మారకుండానే విషం తయారవుతుంది. అలాంటి నూనె చేసుకుంటే ఫ్రిజ్‌లోనే పెట్టి నాలుగు రోజుల్లో వాడేయండి. సీసాలో ఉంచుకోవాలంటే పూర్తిగా ఎండిన ఆకు వేసుకోండి, పచ్చి వెల్లుల్లి వేయకండి.